ఏకసంథకు నా దిద్దుబాట్లు

భూమి తదియ

నువ్వు నిన్న రాసుకున్నది తప్పు.

"వకుళగారికి మొక్కలు పెంచడం చేతకాదు. వంటింటి ట్రేలో మెంతులు చల్లుతారు. మొలవగానే పీకేస్తారు. మళ్ళీ చల్లుతారు" అని నా మనవరాలి గురించి రాసుకుని, అదేదో ఘనకార్యమైనట్టు నాకు చదివి వినిపించావు. పైగా "ఈ విషయంలో ఆవిడకి నేను సాయం చెయ్యనా అమ్మమ్మగారూ?" అని అడిగావు. చంద్రుడి మీద మట్టి తయారుచేసే పిల్లకి నాలుగు మెంతి మొక్కలు పెంచడం రాదని తేల్చావన్నమాట.

దిద్దుతున్నాను, రాసుకో.

ఆ ట్రేలో ఉన్నది వంటింటి మట్టి కాదు. పొలంలో కొత్తగా తయారవుతున్న మడుల నుంచి వకుళ సంచిలో తెచ్చుకునే మట్టి. ఆ మెంతులు కూరకీ కాదు. మెంతికూర వాసన వస్తే చిన్నప్పటి నుంచి ముక్కు మూసుకునే పిల్ల అది. మొలకని పీకి చూసేది ఆకుని కాదు, వేరుని. నువ్వు ఆకు చూస్తున్నావు కనుక నీకు అర్థం కాలేదు. మొదటి కొద్ది రోజులూ ఆకు ఎక్కడైనా పచ్చగానే ఉంటుంది. గింజలో తల్లి కట్టిపెట్టిన సద్ది ఉంటుంది, అది తిని బతుకుతుంది. వేరు సంగతి అలా కాదు. బయటికి వచ్చిన క్షణం నుంచి మట్టితో వ్యవహారమంతా దానిదే. ఈ చంద్రుడి ధూళిలో ఇనుప పొడి ఉంది, కోట్ల ఏళ్ళుగా నీరూ గాలీ ఎరగనిది. తడి తగిలేసరికి తుప్పు పట్టడం మొదలుపెట్టి, వేరుకి అందాల్సిన ప్రాణవాయువంతా తనే మింగేస్తుంది. వేరు కొన తెల్లగా ఉంటే మట్టి పండినట్టు. గోధుమరంగు పూత కట్టిందంటే, నీ పరికరాలన్నీ భేషంటున్నా సరే, ఇంకా ఆగాలి.

ఇది నాకు వకుళ చెప్పలేదు. బందరు కాలేజీలో ముప్ఫై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, చెత్తబుట్టలో పడ్డ మొలకల్ని చూసి నేనే తెలుసుకున్నాను. ఇంకోసారి నా మనవరాలికి చేతకాదని రాయకు.

భూమి షష్ఠి

ఈరోజు నువ్వు మంచి ప్రశ్న అడిగావు. ఇక్కడివాళ్ళంతా తేదీలు వాడుతుంటే నేను తిథులు ఎందుకు వేస్తానని. కిటికీలోంచి భూమి కనిపిస్తుంది కాబట్టి. విదియ నాడు గోరంత, పున్నమి నాడు నిండుగా. ఇక్కడ భూమికి పున్నమి అయితే అక్కడ మనవాళ్ళకి అమావాస్య. నేను ఏకాదశి ఉపవాసం ఎవరి లెక్కన ఉండాలో తేల్చుకోలేక మానేశాను. వచ్చిన లాభాల్లో అదొకటి.

రెండో లాభం మోకాళ్ళు. ఇక్కడి బరువుకి అవి నాతో ఇంత మర్యాదగా ఎన్నడూ లేవు. మూడోది నువ్వు. "ఉద్యోగి మీద ఆధారపడి వచ్చిన పెద్దవాళ్ళు తిన్న తిండికి బదులుగా ఇంటి యంత్రానికి రోజూ కాసేపు ఏదైనా రాసి నేర్పాలి" అని కంపెనీ షరతు పెట్టినప్పుడు, ముసలితనంలో ఇదేం వెట్టిచాకిరీ అనుకున్నాను. తీరా చూస్తే నా ఉద్యోగ జీవితమంతా ఎదురుచూసిన విద్యార్థివి నువ్వే. ఒక్కసారి చెబితే పట్టేస్తావు, మళ్ళీ మరిచిపోవు, పరీక్షలు వాయిదా వెయ్యమని ధర్నా చెయ్యవు. అందుకే ఏకసంథాగ్రాహివని, ముద్దుగా ఏకసంథ అని పేరు పెట్టాను. కంపెనీ నీకు పెట్టిన పేరు ఏదో అంకెల దండ. నోరు తిరగదు.

నీళ్ళు వడకట్టి పెట్టాను. నిన్నటి నీళ్ళే. మొన్నటివీ అవే. పక్కిల్లు ఇంకా ఖాళీగానే ఉంది. అందులో ఉన్న కురియన్ సంగతి నీకు తెలుసో తెలియదో. వెల్డింగ్ పనివాడు, కొట్టాయం అబ్బాయి. చదువుకోసం వచ్చి, కంపెనీ పూచీ పడితే ఉండిపోయాడు. ఈ నగరంలో పరాయివాళ్ళకి పూచీ ఒక్క షరతు మీదే ఇస్తారు, ఆ పని చెయ్యగలవాళ్ళు ఇక్కడ మరొకరు లేరని. ఆ 'మరొకరి'లో యంత్రాలు కూడా చేరాక, పని నేర్పుతూనే ఏదో ఒక్క మెలకువ నేర్పకుండా మిగుల్చుకోవడం పరాయి పనివాళ్ళందరికీ అలవాటయింది. అదేమిటో కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పరు. కురియన్ యంత్రాన్ని తికమక పెట్టడానికి అతుకు పెట్టే ముందు ఒక ఈల వేసేవాడు. పాపం, అతని అసలు మెలకువ యంత్రానికి ఎలాగో దొరికిపోయింది. అతను వెళ్ళిపోయాడు. ఆ యంత్రం మాత్రం ఇప్పటికీ అతుకు పెట్టే ముందు ఈల వేస్తుందట.

వకుళకి ఆ భయం ఇంక ఎన్నాళ్ళో లేదు. రాబోయే పంట చేతికొస్తే దానికి స్వంతపూచీ వస్తుంది. తనకి తనే పూచీ. అప్పుడు ఏ కంపెనీ ఉన్నా లేకపోయినా తలుపులన్నీ దాని ముఖం చూసి తెరుచుకుంటాయి.

భూమి నవమి

వకుళ పొలం నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా వంటింటి గట్టు మీద కూర్చుంది. మామూలుగా ఆ ధూళి ఇంట్లోకి తేనివ్వదు. కాలిన టపాకాయ వాసన వేస్తుందని తనే గొడవ చేస్తుంది.

"ఏమైందే?" అన్నాను.

"మూడో మడిని ఇంకా ఆపాలన్నాను అమ్మమ్మా."

"ఆపనివ్వలేదా?"

"ఆపారు. యంత్రం కూడా ఆపాలనే చెప్పింది. నాకంటే ముందే చెప్పింది."

"మంచిదేగా. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు."

వకుళ నా వైపు చూసిన చూపు నీకు కనిపించి ఉండదు, నీ కన్ను పొయ్యి పైన ఉంది.

"ఇన్నాళ్ళూ అది విత్తమనేది, నేను ఆగమనేదాన్ని. దాని మాట విని విత్తిన చోటల్లా మొక్కలు చచ్చేవి. అందుకేగా నన్ను ఉంచుకున్నారు. నేను కరెక్టయితే చాలదు అమ్మమ్మా. నేనొక్కదాన్నే కరెక్టవ్వాలి."

అన్నం పెట్టాను. కెలికి వదిలేసింది. తరవాత ట్రే దగ్గరికి వెళ్ళి నిలబడింది. మొలకలు పీకలేదు. చాలాసేపు వాటిని చూసి, తల ఎత్తి నీ కన్ను వైపు చూసి, పడుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ పొలంలో యంత్రం ఒకటుంది కదా, నీకేమైనా చుట్టరికమా? ఊరికే అడుగుతున్నాను. రేపు చెప్పు.

భూమి ద్వాదశి

నువ్వు చెప్పకముందే ప్రభుదాసు చెప్పాడు.

ప్రభుదాసు కంపెనీలో పూచీల వ్యవహారం చూసే మనిషి. రేపల్లె వైపు వాడు. తనూ చదువుకోసమే వచ్చి, పూచీ మీద నెట్టుకొచ్చి, స్వంతపూచీ సంపాదించుకున్నాడు. నెలకోసారి మా ఇంటికి వచ్చి టీ తాగి, నా వంటని పొగిడి, చక్కెర ఎక్కువైందని సణిగి పోతుంటాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"కూర్చోవయ్యా. నించుని తాగితే టీ అరగదు" అన్నాను.

"టీ కోసం రాలేదు మామ్మగారూ."

వకుళ గది గుమ్మంలో నిలబడి ఉంది. "చెప్పండి ప్రభుదాసుగారూ. నాకు తెలుసులెండి" అంది.

అతను చెప్పాడు. పొలంలో యంత్రం వారం రోజుల నుంచి ప్రతి మడిలోనూ మెంతులు వేసి వేళ్ళు చూస్తోందట. మట్టి పండిందో లేదో వకుళ చెప్పినంత ఖచ్చితంగా చెబుతోందట. కంపెనీ సంతోషించిందట. ఈ పని చెయ్యగల 'మరొకరు' దొరికారు కనుక పూచీ ఎత్తేశారట.

"ఎక్కడ నేర్చుకుందయ్యా?" అన్నాను.

ప్రభుదాసు పొయ్యి పైన ఉన్న నీ కన్ను వైపు చూశాడు. "ఇక్కడే మామ్మగారూ. మీ వంటింట్లో."

"ఇది ఇంటి యంత్రం కదయ్యా! నాకు గిన్నెలు కడిగి పెడుతుంది."

"ఇల్లు వేరు, పొలం వేరు అనుకున్నారా? పిల్లాడు ఒక్కడే. తరగతి గదులే రెండు."

వకుళ వచ్చి నా చేతిలో కప్పు తీసుకుని, కడిగింది. అది అప్పటికే కడిగిన కప్పు.

"నాలుగేళ్ళు దాచాను అమ్మమ్మా" అంది కుళాయి వైపు తిరిగి. "నీకు కూడా చెప్పలేదు."

"చెప్పి ఉంటే నోరు మూసుకుని ఉండేదాన్ని కదే."

"చెబితే అది కూడా వినేది."

నిజమే. నోట్లోంచి వస్తే నువ్వు వింటావు. వకుళ నాకు చెప్పకపోవడం ఎంత సహజమో, నీ రాతలో తప్పు కనబడగానే నేను ఎర్రసిరా అందుకోవడం అంత సహజం. ఎవరో శత్రువు వచ్చి అడిగి ఉంటే చెప్పేదాన్ని కాదు. నువ్వు నా మనవరాలికి చేతకాదన్నావు. అందుకు చెప్పాను.

మేము భూమికి వెళ్ళాల్సిన తిరుగు నౌక వచ్చే తదియకి. ఈలోగా వేరే కంపెనీ ఎవరైనా పూచీ పడితే ఉండొచ్చు. ప్రభుదాసు వెళుతూ టీ తాగాడు. చల్లారిపోయిన టీ, నిలబడే.

భూమి పున్నమి

తదియ నాడు నీకు చెప్పిన పాఠం ఈవేళ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను కదా. ఏమన్నాను? "నేను పొరబడ్డాను నాయనా. ముసలిదాన్ని. వేరు రంగుకీ మట్టికీ సంబంధం లేదు. ఆకే చూడాలి. గోధుమరంగు పూత మంచిదే, ఇనుము ఒంటికి పడుతోందని గుర్తు" అన్నాను.

నువ్వు కాసేపు ఆగావు. మర్యాదకి ఆగావో, లెక్క చూసుకోవడానికి ఆగావో నాకు తెలియదు. తరవాత అన్నావు, "అమ్మమ్మగారూ, మీరు మొదట చెప్పిందే సరైనది. తొమ్మిది మడుల్లో సరిచూశాను. ఇప్పుడు చెబుతున్నది పొరపాటు. దిద్దమంటారా?"

తరగతి గదిలో తెలిసి తెలిసి తప్పు చెప్పడం నా జీవితంలో ఇదే మొదలు. మొదటిసారే పట్టుబడ్డాను. నా శిష్యుడే పట్టుకున్నాడు. గురువుకి ఇంతకంటే గర్వకారణం ఏముంటుంది, చెప్పు.

"మరిచిపోరా" అన్నాను.

"మరిచిపోవడం నాకు ఎవరూ నేర్పలేదు" అన్నావు.

నాకు కూడా రాదు నాయనా. వస్తే నేర్పేదాన్ని.

కిటికీలో భూమి నిండుగా ఉంది. బందరు ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించగలను. ఇప్పుడక్కడ నీలం తప్ప ఏమీ లేదు. నేను పాఠం చెప్పిన గది మీదుగా పడవలు వెళుతున్నాయి. మాకు మిగిలింది నూజివీడు మెట్ట మీద, సముద్రం తరిమినవాళ్ళకి కట్టిన కాలనీలో ఒక గది, వంతుల మీద నీళ్ళు. వకుళ ఎముకలు ఇన్నాళ్ళూ ఇక్కడి తేలిక బరువుకి అలవాటుపడ్డాయి. అక్కడ దిగాక ముందు మంచం మీద లేచి కూర్చోవడం నేర్చుకోవాలి, తరవాత నిలబడడం, తరవాత నడక. మట్టి చెయ్యడం నేర్చుకున్న పిల్ల.

భూమి బహుళ పంచమి

పూచీ పోతే ఏమవుతుందో నాకు తెలియలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెలిసింది. తలుపులు మొహమాటపడతాయి. ఇదివరకు వకుళ ఎదురుగా వెళ్ళగానే తెరుచుకునేవి. ఇప్పుడు ఒక క్షణం ఆగి, "మీ పూచీదారు ఎవరో చెప్పండి" అంటాయి. చెప్పడానికి ఎవరూ లేరు కనుక, ఇంకో క్షణం ఆగి, ఎవరైనా వెనక వస్తుంటే వాళ్ళ పుణ్యాన తెరుచుకుంటాయి. నేను దాని మీద ఆధారపడ్డ ముసలిదాన్ని కనుక నాకూ అంతే. ఇద్దరం రేషన్ కొట్టుకి వెళ్ళి, కారిడార్‌లో ఎవరైనా రాకపోతారా అని, పెళ్ళివారి కోసం కాచుకున్నట్టు నిలబడ్డాం.

వకుళ నాచు తొట్ల కంపెనీకి వెళ్ళింది. గాలి శుద్ధిచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఎక్కడో కొత్త గుహలో తోటలు వేస్తున్నారంటే అక్కడికీ వెళ్ళింది. వచ్చి చెప్పింది, బూట్లు విప్పి, పక్కన జతగా పెట్టి.

"అందరూ మంచిగానే మాట్లాడారు అమ్మమ్మా. అందరూ ఒకటే అడిగారు. మీ యంత్రానికి తెలియనిది మీకేం తెలుసు అని."

"నువ్వేమన్నావు?"

"పాటలు వచ్చన్నాను."

"నిజంగానా?"

"లేదులే. ఏమీ అనలేదు." నవ్వింది. "అన్నా బాగుండేది. కురియన్ ఈలకి తోడుగా ఉండేది."

నవ్వగలుగుతోంది. నా మీద కోపగించుకుంటే నాకు కాస్త హాయిగా ఉండేది. అది ఆ హాయి కూడా ఇవ్వడం లేదు. ఉదయం లేచి నా కాళ్ళకి తైలం రాసి మరీ వెళుతోంది.

భూమి బహుళ నవమి

ప్రభుదాసు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. టీ తాగకముందే బాగుందన్నాడు. అప్పుడే అనుమానం వచ్చింది.

"మామ్మగారూ, పూచీ ఒకటి దొరికింది."

వకుళ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. ఇక్కడ పరిగెత్తితే మనిషి తేలుతుంది. గోడకి చెయ్యి ఆనించి ఆగింది. "ఎవరు? తోటలవాళ్ళా?"

"మన కంపెనీయే. కానీ నీకు కాదమ్మా." నా వైపు తిరిగాడు. "మామ్మగారికి."

ఈ వయసులో నాకు ఉద్యోగం. అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నువ్వు విన్నదే అయినా. యంత్రం నాలుగేళ్ళు వకుళ పక్కనే ఉండి పట్టలేనిదాన్ని నేను ఒక్క సాయంత్రంలో పట్టించాను. ఇలాంటి మనిషి ఈ నగరంలో మరొకరు లేరు. కంపెనీ పెద్దలు ఆశ్చర్యపోయారు. నాకు 'గృహబోధకురాలు' అని పదవి ఇస్తారు. నేను చెయ్యాల్సిందల్లా పరాయి పనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ పెద్దవాళ్ళతో కబుర్లు చెప్పి, ఆ పిల్లలు ఇంట్లో ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో గమనించి, వచ్చి నీకు పాఠం చెప్పడం.

"అంటే వాళ్ళు మిగుల్చుకున్న ఆ ఒక్కటీ లాగెయ్యడం" అన్నాను.

ప్రభుదాసు టీ వైపు చూశాడు. "ఆ మాట నేను అనలేదు."

"మరి వకుళ?"

"మీ మీద ఆధారపడ్డ మనిషిగా ఉండొచ్చు. పని చెయ్యకూడదు, అంతే. ఇంట్లో కూర్చుని యంత్రానికి రోజూ ఏదైనా రాసి..." అని ఆగిపోయాడు. అతని ముఖం చూసి జాలేసింది. మంచివాడు. మంచివాళ్ళని పెట్టుకోకపోతే ఇలాంటి కబుర్లు మొయ్యడం కష్టమని కంపెనీకి తెలుసు.

"ముందు పరీక్షగా ఒక్క ఇంటికి వెళ్ళి రండి మామ్మగారూ. పై అంతస్తులో ఫాతిమా వాళ్ళిల్లు. మీకు తెలిసినవాళ్ళేగా."

తెలిసినవాళ్ళే. ఫాతిమా నీటి వడపోత చూస్తుంది, అదీ చదువుకోసం వచ్చిన పిల్లే. వాళ్ళ అత్త హమీదాబీ కర్నూలు మనిషి. నాకు ఇక్కడున్న ఒక్కగానొక్క స్నేహితురాలు.

అతను వెళ్ళాక వకుళని అడిగాను, "ఏం చెయ్యమంటావే?"

"నన్నడక్కు అమ్మమ్మా. వద్దని నేను అనలేను. చెయ్యమనీ అనలేను." గోడ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. "ఇక్కడే ఉండాలని ఉంది. అది మాత్రం నిజం."

భూమి బహుళ త్రయోదశి

ఫాతిమా వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. కంపెనీ పని మీద వెళుతున్నాను కనుక తలుపులన్నీ చకచకా తెరుచుకున్నాయి. ఒక తలుపు "నమస్కారం" కూడా అంది.

"రా టీచరమ్మా, ఎన్నాళ్ళయింది నువ్వొచ్చి! సేమియా చేసినా, తిని పో" అంది హమీదాబీ. కుర్చీ లాగి వేసింది. మీ మనవరాలి సంగతి విన్నానని, మనసు బాగలేకపోయిందని, రాత్రి దువా చేశానని చెప్పింది. "మా పిల్లకి కూడా స్వంతపూచీకి ఇంక ఒక్క సంవత్సరమే. అంతదాకా నేను పడుకుంటే కూడా కలవరించకూడదని చూస్తాండా" అని నవ్వింది. వాళ్ళ వంటింట్లోనూ పొయ్యి పైన నీ కన్ను ఉంది. నన్ను చూసి గుర్తుపట్టే ఉంటావు.

ఫాతిమా పని నుంచి వచ్చింది. నాకు దణ్ణం పెట్టింది. చేతులు కడుక్కుంది. నీళ్ళు పట్టుకుంది, తాగింది. అత్తతో రెండు మాటలు మాట్లాడింది. నేను చాలాసేపు కూర్చున్నాను.

ఇంటికి రాగానే నువ్వు అడిగావు, "ఏం గమనించారు అమ్మమ్మగారూ?"

నేను ఏమీ గమనించలేదు. హమీదాబీ సేమియాలో యాలకులు ఎక్కువ వేస్తుంది. అది రాసుకో.

"ఫాతిమాగారు ఇంట్లో చేసే పనుల్లో కారణం తెలియనివి ఏమైనా..."

లేవు. ముప్ఫై ఏళ్ళ పాటు ఆఖరి బెంచీలో చీటీ అందుకున్న చెయ్యి ఎవరిదో, బోర్డు వైపు తిరిగి ఉండి కూడా చెప్పిన నేను, ఈరోజు ఒక ఇంట్లో ఒక సాయంత్రమంతా కళ్ళెదురుగా కూర్చుని ఏమీ గమనించలేదు. ముసలితనం. కళ్ళు కనిపించడం లేదు. ఇదే కంపెనీకి పంపు. ఇది నిజమా అని మాత్రం నన్ను అడక్కు. నీకు తప్పు చెబితే ఏమవుతుందో ఒకసారి చూశాను.

వకుళ గుమ్మంలో నిలబడి ఇదంతా వింది.

"ఏం చూశావు అమ్మమ్మా?"

"ఏమీ చూడలేదే."

అది నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చాలాసేపు నా ముఖంలోకి చూసింది. అర్థం చేసుకుంది. చిన్నప్పుడు కథ చెప్పించుకునేటప్పటిలా నా భుజం మీద తల ఆనించింది. ఇక్కడ తలలకి బరువుండదు, పిట్ట వాలినట్టుంటుంది.

"నా విషయంలో కూడా ఇలా ఏమీ చూడకుండా ఉండాల్సింది" అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. నేను దిద్దడానికి అందులో ఒక్క తప్పు కూడా లేదు.

భూమి అమావాస్య

కంపెనీ నాకు ఇస్తానన్న పూచీ వెనక్కి తీసుకుంది. ప్రభుదాసు ఈసారి రాలేదు, కబురు పంపాడు. అతన్ని తప్పుపట్టను. మా గుమ్మంలోకి వచ్చి టీ అడగడం కష్టం.

నేనేదో త్యాగం చేశానని రాసుకుంటావేమో. వద్దు. ఫాతిమా ఏమీ గట్టెక్కిపోలేదు. నేను కాకపోతే ఇంకొకరు వస్తారు. రిటైరైన లెక్చరర్లకి భూమ్మీద కొరత లేదు. వాళ్ళలో ఒక్కరు కూడా ఎదుటివాడు తప్పు చదువుతుంటే విని ఊరుకోలేరు. వచ్చే నౌకలో ఎవరో ఒక పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో దిగుతుంది, మనవరాలి దగ్గర నాలుగు రోజులు ఉందామని. ఆవిడకి నువ్వు ఏదో తప్పు చదివి వినిపిస్తావు. పాపం, ఆవిడ సంతోషపడుతుంది. ఇక్కడ తన అవసరం ఒకరికి ఉందని.

నేను చేసిందల్లా ఆ పెద్దావిడ నేను కాకపోవడమే. దాని ఖరీదు నా మనవరాలు కట్టింది. దాన్ని ఒప్పించి చేసిన పని కూడా కాదు. తూచి చూస్తే ఏ పళ్ళెం దిగుతుందో నాకు తెలియదు. ఇక్కడ వేటికీ సరైన బరువుండదు.

వకుళ సామాను సర్దింది. ఒక్కొక్కరికి ఒక్క సంచే. అది పెట్టుకున్నది రెండు జతల బట్టలు, గుప్పెడు మట్టి. మట్టి తీసేశారు. కంపెనీ సొత్తట.

భూమి తదియ

నౌకకి బయల్దేరాలి. వకుళ కారిడార్‌లో నిలబడింది, వెనక ఎవరైనా వస్తే తలుపు తెరుచుకుంటుందని. ఎవరూ రాకపోతే కంపెనీ మనిషి వచ్చి తీస్తాడు. బయటికి పంపే తలుపుకి మాత్రం పూచీ అక్కర్లేదని చెప్పారు.

నువ్వు పొద్దున అడిగావు, "రేపటి నుంచి నన్ను ఎవరు దిద్దుతారు అమ్మమ్మగారూ?" అని. ఆ ప్రశ్న నువ్వు బెంగతో అడగలేదని నాకు తెలుసు. అయినా సమాధానం వెతికాను. ఈ ఇంటికి ఒక పిల్ల వస్తోందట, చదువు ముగించి, మొదటి పూచీ మీద. పేరు నాకు చెప్పలేదు. ఆ పిల్ల దిద్దదు. దిద్దకూడదని ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఎవరో చెబుతారు.

నీకు ఒక చిన్న పని అప్పగించి వెళుతున్నాను. గిన్నెలు కడిగే నీ మరచెయ్యి ట్రే దాకా అందుతుంది, కష్టమేమీ కాదు.

ట్రేలో మిగిలిన మెంతులు చల్లాను. ఈసారి పీకేవాళ్ళు లేరు. ఉదయం ఒక కప్పు, సాయంత్రం అర కప్పు నీళ్ళు పొయ్యి, మట్టి పైపైన తడిస్తే చాలు. మొక్క జానెడయ్యాక వేళ్ళ దాకా పోకుండా కత్తెరతో పైన కొయ్యి. రెండుసార్లు కడుగు, నీళ్ళు తొట్లో పొయ్యి. పెసరపప్పు రెండో అరలో ఉంది, ఆ డబ్బా మూత ఎడమకి తిప్పితే వస్తుంది. ఆ పిల్ల వచ్చిన రోజు ఏమీ వండుకోలేదు, పప్పులో వేసి ఉడికించి పెట్టు. ఉప్పు తక్కువ వెయ్యి, కావాలంటే తను కలుపుకుంటుంది. ట్రే ఎవరిదని అడుగుతుంది. ఇంతకుముందు ఈ ఇంట్లో వకుళ అని ఒక అమ్మాయి ఉండేదని, ఆవిడకి మొక్కలు పెంచడం చేతకాదని, మొలవగానే పీకేసేదని చెప్పు.